ఇంకో ఊరి దగ్గర పని నేర్చుకోవడం ఎలా: ఆసియా నగరాల సహకారంపై చెన్నై నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

రెండు నగరాల మేయర్లు శాలువాలు కప్పుకుని, ఒప్పందం కాగితాలు మార్చుకుని ఫొటో దిగుతారు. మర్నాడు పేపర్లో వస్తుంది. ఆరు నెలల తర్వాత ఆ కాగితం ఏ బీరువాలో ఉందని అడిగితే చాలాసార్లు చెప్పేవాళ్ళుండరు. మాది నెల్లూరు వైపు. ఇరవై రెండేళ్ళుగా చెన్నైలో ఉంటున్నాను. నగరపాలక సంస్థలకు ప్రాజెక్టు కాగితాలు రాసిపెట్టడం నా వృత్తి. అలాంటి ఒప్పందాలు కొన్నింటికి ముసాయిదా రాసిన పాపం నాక్కూడా ఉంది. వాటిలో ఫలించినవి తక్కువే. ఫలించినచోట మాత్రం ఒక సంగతి గమనించాను: మేయర్లు మాట్లాడుకుని వెళ్ళిపోయాక, చెత్త బండి సూపర్‌వైజరూ, మీటరు రీడరూ, పంపు ఆపరేటరూ అవతలి ఊళ్ళోని తమ జోడీతో మాట్లాడుకున్నారు. ఈ వ్యాసమంతా అక్కడిదాకా ఎలా వెళ్ళాలన్న దాని గురించే.

కౌన్సిలర్లకు, మునిసిపల్ ఉద్యోగులకు, కాలనీ సంఘాల్లో తిరిగేవాళ్ళకు పనికొస్తుంది. ఉదాహరణలు ఎక్కువగా చెన్నైవే అయినా నెల్లూరుకైనా, వరంగల్‌కైనా పద్ధతి ఇదే.

ముందుగా మనింటి సంగతి

చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకు ఊరికి ఊరు సాయపడటం వింత కాదు. కొళాయిలో వచ్చే నీళ్ళే దానికి సాక్ష్యం. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తెలుగుగంగ ఒప్పందం చేసుకున్నాయి. అక్కడ ఎన్టీఆర్, ఇక్కడ ఎంజీఆర్. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాలోంచి తలా 5 టీఎంసీలు వదలాలి, దారిలో ఆవిరయ్యేది పోగా ఏటా 12 టీఎంసీలు మద్రాసుకు చేరాలి. శ్రీశైలం నుంచి సోమశిల, అక్కణ్ణుంచి మా జిల్లాలోని కండలేరు, తర్వాత 152 కిలోమీటర్ల కాలువలో రాష్ట్ర సరిహద్దు, ఇంకో 25 కిలోమీటర్లకు పూండి చెరువు. మొదటి నీళ్ళు పూండికి చేరేసరికి 1996 వచ్చింది. చేరాక కూడా గట్లు తెగడం, నీళ్ళు ఇంకిపోవడం, దారిలో తోడేసుకోవడం మామూలైంది. సత్యసాయి ట్రస్టు డబ్బుతో కాలువ బాగుచేసి 2004లో నీళ్ళు వదిలాక గానీ కాస్త తెరిపిన పడలేదు.

సంతకానికీ, నీళ్ళు ఒక మోస్తరుగా రావడానికీ మధ్య ఇరవై ఒక్క ఏళ్ళు. పక్క రాష్ట్రంతోనే ఇంత పట్టింది. సముద్రం అవతలి నగరంతో రెండేళ్ళలో అంతా మారిపోతుందని ఎవరైనా చెబితే వినండి, తల ఊపండి, బడ్జెట్ మాత్రం ఐదేళ్ళకు వేసుకోండి.

మొదటి అడుగు: ఒక్క ఫిర్యాదు పట్టుకోండి

‘సుస్థిర పట్టణాభివృద్ధి రంగంలో పరస్పర సహకారం’ అని మొదలయ్యే కాగితంతో ఒక్క కాలువైనా శుభ్రపడటం నేను చూడలేదు. సమస్యను ఒకే వాక్యంలో, మీ వీధి ఊడ్చేవాళ్ళకు కూడా అర్థమయ్యేలా రాయండి. ‘మా వార్డులో తడి చెత్తా పొడి చెత్తా కలిసిపోయి డంప్‌యార్డుకు పోతున్నాయి.’ ‘ట్యాంకు నుంచి వదిలిన నీళ్ళలో ఇళ్ళకు చేరేది ఎంతో మాకు తెలీదు.’ ‘గంట సేపు వాన పడితే సబ్‌వే మూసేస్తున్నారు.’ ఇలాంటివి.

నగరం మొత్తాన్ని ఎత్తుకోవద్దు. 2011లో చెన్నై కార్పొరేషన్ 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగింది. ఆ విస్తరణతో 15 జోన్లు, 200 వార్డులు అయ్యాయి. మణలి సమస్య వేరు, అడయారు సమస్య వేరు. ఒక జోన్, వీలైతే ఒక్క వార్డు తీసుకోండి.

రెండో అడుగు: ముందు మన చెత్త మనం తూచుకోవాలి

చాలామంది దాటేసే అడుగు ఇదే. అవతలి నగరం వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ‘మీ దగ్గర ఇప్పుడు ఎంత?’ అని. అప్పుడు మనవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

చెత్త విషయమైతే పద్ధతి ఇది. కొక్కెం ఉన్న స్ప్రింగ్ త్రాసు ఒకటి, గోనె సంచులు, నోటు పుస్తకం. ఒక వీధిలో ఏడు రోజులు వరుసగా తడి చెత్త, పొడి చెత్త, డయపర్లూ మందుల్లాంటివి వేరు వేరుగా తూచి రాయండి. ఏడు రోజులూ ఎందుకంటే చెత్తకు కూడా వారాలుంటాయి. మా పెరంబూరు వీధిలో శుక్రవారం పూలదండలు, ఆదివారం చేప పొలుసులూ కోడి ఈకలూ, సోమవారం పార్సిల్ డబ్బాలు. ఆయుధ పూజ మర్నాడు మాత్రం తూచకండి. ఆ రోజు చెన్నై రోడ్లన్నీ పగిలిన బూడిద గుమ్మడికాయలే, లెక్క తల్లకిందులవుతుంది. మేం మొదటిసారి సరిగ్గా ఆ వారమే ఎంచుకుని, మా వీధి మనుషులు గుమ్మడికాయలు తప్ప వేరే తినరేమో అన్నట్టు ఒక పట్టిక తయారుచేశాం.

నీళ్ళ విషయమైతే వదిలిన నీళ్ళెన్ని, బిల్లు వేసిన నీళ్ళెన్ని, ఈ రెండు అంకెలు చాలు. తేడానే మీ సమస్య. వరదైతే నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద పెయింటుతో గీత గీయండి. 2015 డిసెంబరు వరద గుర్తులు కోటూరుపురం వైపు కొన్ని ఇళ్ళ గోడల మీద చాలాకాలం ఉండేవి. ఏ నివేదికకన్నా వాటినే నేను ఎక్కువ నమ్ముతాను.

మూడో అడుగు: జోడీ ఊరిని వెతకడం

అందరి నోటా మొదట వచ్చే పేరు సింగపూర్. మన తెలుగువాళ్ళకు ఆ పేరుతో ఒక పాత ముడి కూడా ఉంది. అమరావతి ప్రణాళికలు అక్కడి సంస్థలు గీసినవి, స్టార్టప్ ప్రాంతం కోసం సింగపూర్ కంపెనీల కూటమి వచ్చింది, ప్రభుత్వం మారాక 2019 నవంబరులో అది రద్దయింది. తప్పెవరిదన్న చర్చ ఇక్కడొద్దు. ఒక వార్డు స్థాయి పనికి అంత పెద్ద, అంత ధనిక నగరాన్ని పట్టుకోకూడదన్నది నా వాదన. వాళ్ళ దగ్గర చూసినవి మన బడ్జెట్‌లో ఇమడవు. ఇమడనిదాన్ని చూసి వచ్చినవాళ్ళు ‘మనవల్ల కాదు’ అనే మాట నేర్చుకుని వస్తారు.

మీరిప్పుడున్న చోట పదీ పదిహేనేళ్ళ కిందట ఉండి, కాస్త ముందుకు వెళ్ళిన ఊరు కావాలి. రెండు జోడీల కథలు చెబుతాను.

జపాన్‌లోని కిటాక్యూషు ఉక్కు కర్మాగారం ఊరు. 1960లలో అక్కడి డోకై అఖాతాన్ని మృత్యు సముద్రం అనేవారు. పిల్లల ఆరోగ్యం కోసం ముందుగా గొడవ మొదలుపెట్టింది అక్కడి ఆడవాళ్ళ సంఘాలు. ఆ తర్వాత నగరం, కర్మాగారాలు దిగొచ్చాయి. తాము పడి లేచిన ఊరు కాబట్టి ఆ ఊరి ఇంజనీర్లకు ఎదుటివాళ్ళ బురద చూస్తే అసహ్యం ఉండదు.

ఇండోనేషియాలోని సురబయకు 2001లో ఒక దెబ్బ తగిలింది. కెపుతిహ్ డంప్‌యార్డు వాసన భరించలేక చుట్టుపక్కల జనం దాన్ని మూయించారు. నగరంలో చెత్త ఎక్కడిదక్కడే పేరుకుంది. చెన్నైలో పెరుంగుడి, కొడుంగయ్యూరు డంప్‌యార్డుల పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్ళకు ఆ కోపం విడమరిచి చెప్పక్కర్లేదు. సురబయ కిటాక్యూషును పట్టుకుంది. కిటాక్యూషు యంత్రం పంపలేదు, కోజి టకాకురా అనే కంపోస్టు నిపుణుణ్ణి పంపింది. ఆయన అక్కడి స్వచ్ఛంద సంస్థతో కూర్చుని ఒక బుట్ట పద్ధతి తయారుచేశాడు. నగరం వేల బుట్టలు పంచింది, వీధి వీధికీ మహిళా కార్యకర్తలను తయారుచేసింది. 2005 నుంచి నాలుగేళ్ళలో నగరం రోజువారీ చెత్త 20 శాతానికి పైగా తగ్గింది.

రెండో కథ కంబోడియా రాజధాని నోమ్‌పెన్ నీళ్ళది. 1993లో ఆ ఊళ్ళో వదిలిన నీళ్ళలో 72 శాతానికి లెక్క లేదు, కొంత లీకు, కొంత దొంగ కనెక్షన్లు. నీటి సంస్థ పగ్గాలు ఎక్ సొన్ చాన్ చేతికి వచ్చాయి. 1999 నుంచి కిటాక్యూషు జలమండలి ఇంజనీర్లు అక్కడికి వచ్చి, పైపుల వ్యవస్థను బ్లాకులుగా విడగొట్టి ఏ బ్లాకులో ఎంత పోతోందో చూసే విధానం నేర్పారు. చివరికి ఆ నష్టం 6 శాతం దగ్గరికి దిగింది, ఇరవై నాలుగు గంటల నీళ్ళు వచ్చాయి. 2006లో చాన్‌కు మెగసెసే అవార్డు, 2010లో సంస్థకు స్టాక్‌హోం పరిశ్రమ నీటి అవార్డు వచ్చాయి.

అయితే మీటర్లు పెట్టించుకోనన్న పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళింది జపాన్ ఇంజనీర్లు కాదు, చానే. ఓ సైనికాధికారి ఆయనకు తుపాకీ గురిపెట్టిన సంగతి నీటి రంగంలో అందరూ చెప్పుకుంటారు. జోడీ ఊరు ఎంత మంచిదైనా ఆ గుమ్మం దాకా మనతో రాదు. మీ ఊళ్ళో ఆ గుమ్మం ఎక్కేదెవరో తేలకుండా జోడీ వెతకడం అనవసరం.

నాలుగో అడుగు: ఏ తలుపు తట్టాలి, ఎవరి అనుమతి కావాలి

తలుపులు చాలానే ఉన్నాయి. సిటీనెట్ 1987లో ఆసియా పసిఫిక్ నగరాల కోసం పుట్టింది. యోకొహామాలో చాలాకాలం ఉండి 2013లో సియోల్‌కు మారింది. స్థానిక ప్రభుత్వాల ప్రపంచ సంఘం ఆసియా విభాగం జకార్తాలో ఉంది. పర్యావరణం మీద పనిచేసే స్థానిక ప్రభుత్వాల సంఘం ఇక్లీకి ఢిల్లీలో దక్షిణాసియా ఆఫీసుంది. వాతావరణం పేరు మీదైతే పెద్ద నగరాల కూటమి సీ40 ఉంది, చెన్నై అందులో సభ్య నగరమే. 2023లో చెన్నై వాతావరణ కార్యాచరణ ప్రణాళిక కూడా వచ్చింది. జపాన్ నగరాలతో పని ఉంటే జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా వారి క్షేత్రస్థాయి భాగస్వామ్య పథకం చూడండి. యోకొహామా, కిటాక్యూషు, ఫుకువోకా లాంటి నగరాలు అలాంటి పనులకు అలవాటు పడ్డవి.

ఒకేసారి అన్ని తలుపులూ కొట్టకండి. సభ్యత్వ రుసుములు కట్టి, సమావేశాలకు తిరిగి, ఏడాదికి ఒక మెడల్‌తో మిగిలిన ఊళ్ళున్నాయి.

అనుమతుల దగ్గర మనవాళ్ళు ఎక్కువగా తప్పటడుగు వేస్తారు. విదేశీ వ్యవహారాలు కేంద్ర జాబితాలోవి. కార్పొరేషన్ తనంత తానుగా విదేశీ నగరంతో సంతకం చేయకూడదు, రాష్ట్ర పురపాలక శాఖ ద్వారా కేంద్ర విదేశాంగ శాఖ సమ్మతి తీసుకోవాలి. నెలలు పడుతుంది, ఆ నెలలు లెక్కలో వేసుకోండి. కాలనీ సంఘాలకు ఇంకో హెచ్చరిక: విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశం నుంచి రూపాయి తీసుకున్నా నేరమే. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. ‘బుట్టల ఖర్చు మేం పంపుతాం’ అని అవతలివాళ్ళు మంచి మనసుతో అంటే దండం పెట్టి, బుట్టలు చెన్నై బజారు పారిస్ కార్నర్‌లో కొనుక్కోండి. అంతా కలిపి వేలల్లోనే అవుతుంది.

మీ నగరం ఇప్పటికే చేసుకున్న ఒప్పందం ఏమైనా ఉందేమో కూడా చూడండి. సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఉన్న ఒప్పందానికి దుమ్ము దులపడం కొత్తది రాయడం కన్నా తేలిక.

ఐదో అడుగు: కాగితం

ఒక పేజీ దాటనివ్వకండి. ఏ సమస్య, ఏ వార్డు, ఇప్పుడున్న అంకె, ఏడాదికి చేరాల్సిన అంకె, ఇటువైపు పని చూసే పదవి, అటువైపు పని చూసే పదవి, ఖర్చు ఎవరిది, పైలట్ (చిన్న ఎత్తున చేసి చూసే ప్రయోగం) అయ్యాక నెలనెలా ఖర్చు ఏ పద్దులోంచి. ఈ చివరి ముక్క మీద అధికారులు నసుగుతారు. వదలకండి.

మనిషి పేరు రాయకండి, పదవి రాయండి. మనుషులు బదిలీ అవుతారు.

ఆరో అడుగు: ప్రయాణం

వెళ్ళేది ఎవరు? మామూలుగా పెద్దలు ఇద్దరు, మధ్యస్థులు ఇద్దరు. కిందివాళ్ళకు పాస్‌పోర్టే ఉండదు. నేను ఒకసారి కాగితాలు రాసిచ్చిన బృందంలో నలుగురు వెళ్ళారు. తిరిగొచ్చిన మూడు నెలల్లో ముగ్గురు బదిలీ, ఒకరు రిటైర్. వాళ్ళు అక్కడ చూసింది ఆఫీసులో ఒక పవర్‌పాయింట్ రూపంలో మిగిలింది. ఇంకో మునిసిపాలిటీ విదేశీ ప్రదర్శన చూసొచ్చి తడి చెత్త యంత్రం తెప్పించింది. ఒక బెల్టు తెగితే విడిభాగానికి నెలల తరబడి దిక్కు లేదు. నేను చూసేసరికి దాని హ్యాండిల్ మీద వాచ్‌మన్ లుంగీ ఆరేసుకుంటున్నాడు. ఎండ బాగా తగిలే చోటు పెట్టారు మరి.

అందుకని నలుగురు వెళ్తే కనీసం ఇద్దరు రోజూ ఆ పని చేసేవాళ్ళు కావాలి. సూపర్‌వైజరు, జూనియర్ ఇంజనీరు, వార్డు సానిటరీ ఇన్‌స్పెక్టరు. భాష రాదని వాళ్ళను ఆపేయొద్దు. వాల్వు తిప్పే మనిషికి వాల్వు తిప్పే మనిషి సంగతి అర్థమవుతుంది.

అక్కడ ఏం చూడాలి? ఆఫీసు పది గంటలకు తెరుస్తారు, ఊరు ఐదింటికే లేస్తుంది. తెల్లవారుజామున చెత్త బండి వెంట తిరగడానికి అనుమతి అడగండి. షోరూములాంటి మోడల్ కాలనీ చూపించాక, మోడల్ కాని కాలనీ కూడా చూపించమనండి. అడగాల్సిన ప్రశ్నలు నా నోటు పుస్తకంలో ఎప్పుడూ ఉంటాయి: మొదట ఏం చేసి విఫలమయ్యారు? ఎవరు అడ్డం తిరిగారు? వాళ్ళకు ఏమిచ్చి ఒప్పించారు? మెషీన్ పాడైతే ఎవరు బాగుచేస్తారు, ఎన్ని రోజుల్లో? నిధులు ఆగిపోతే మొదట ఆగిపోయేది ఏది?

మొదటి ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ ఊరు మీకు అబద్ధం చెబుతోంది, లేదా ఇంకా మొదలుపెట్టలేదు. యోకొహామా 2001తో పోలిస్తే 2010 నాటికి చెత్త 30 శాతం తగ్గించాలని పెట్టుకుని, 2005లోనే దాటేసి, రెండు దహన కేంద్రాలు మూసేసింది. దాని వెనక ఏముందని అడిగితే మొదట వచ్చే జవాబు యంత్రాల గురించి కాదు. నివాస సంఘాలతో వేల సంఖ్యలో జరిపిన వీధి సమావేశాల గురించి. సాయంత్రం పూట, చెత్త ఎలా విడదీయాలో బల్ల మీద పెట్టి చూపించారు. ఫొటోల్లో కనిపించేవి కావవి, అడిగితేనే బయటికొస్తాయి.

ఏడో అడుగు: తెచ్చినదాన్ని మన వంటకం చేసుకోవాలి

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను. టకాకురా బుట్ట గురించి సురబయ వెళ్ళొచ్చిన ఒక మిత్రుడు చెప్పగా మా వీధిలో పద్నాలుగు ఇళ్ళ వాళ్ళం చేసి చూశాం.

పద్ధతి ఇది. రెండు కుండలు. ఒకదాంట్లో బెల్లం నీళ్ళు, పులిసిన తిండి ఏదైనా. రెండోదాంట్లో ఉప్పు నీళ్ళు, కూరగాయల ఆకులు, పండ్ల తొక్కలు. మూత మరీ బిగించకుండా మూడు నుంచి ఐదు రోజులు ఉంచితే తియ్యటి పులుపు వాసన వస్తుంది. తవుడు, ఊక సమానంగా కలిపి, ఈ రెండు నీళ్ళూ పోసి కలపాలి. పిడికిట్లో పిండితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. నీళ్ళు కారకూడదు. కుప్ప పోసి గోనె కప్పితే కొద్ది రోజులకు వేడెక్కి తెల్ల బూజు పడుతుంది. అప్పుడు చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో లోపలంతా అట్టముక్కలు పేర్చి, సగానికి పైన ఈ మిశ్రమం నింపి, రోజూ వంటింటి చెత్తను చిన్న ముక్కలు చేసి కలపాలి.

టకాకురా తెలివి ఎక్కడుందంటే, జపాన్ నుంచి సూక్ష్మజీవుల పొడి తేలేదు. సురబయలో ఇంటింటా ఉండే టెంపే (పులియబెట్టిన సోయా గింజలు) లాంటి పులిసిన తిండినే వాడాడు. మరి మన దగ్గర పులిసేదేముంది? చెన్నైలో ఆ ప్రశ్న అడిగితే నవ్వుతారు. ప్రతి ఫ్రిజ్‌లోనూ ఇడ్లీ పిండి గిన్నె ఉంటుంది.

మా వీధి ఊడ్చే అక్కది తెలుగు కుటుంబమే. చెన్నై పారిశుధ్య కార్మికుల్లో తరాల కిందట నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. నేను కుండలో ఇడ్లీ పిండి పోస్తుంటే ఆమె చీపురు ఆపి చూసింది.

‘ఏందమ్మా, తినే పిండి కసువులో పోస్తావా?’

‘పులిసిపోయింది అక్కా, పారేసేదే.’

‘పులిస్తే ఊతప్పం పోసుకోరా ఎవురైనా?’

నా దగ్గర జవాబు లేదు. అయినా ఆమె కూర్చుంది.

మొదటి విడత చెడిపోయింది. నవంబరు ముసురు, గాల్లోనే తేమ. బుట్టలు కంపు కొట్టాయి, పద్నాలుగు ఇళ్ళలో ఐదు ఇళ్ళ వాళ్ళు మెట్ల మీద పెట్టేసి తలుపులు మూసుకున్నారు. మిత్రుడు సురబయలోని ఒక మహిళా కార్యకర్తతో వీడియో కాల్ పెట్టించాడు. ఆవిడకు తమిళం, తెలుగు రావు. మాకు ఇండోనేషియా భాష రాదు. మిత్రుడు మధ్యలో మాటలు అటూ ఇటూ మారుస్తున్నాడు. ఆవిడ కాసేపు విని, తన బుట్టలోంచి గుప్పెడు తీసి కెమెరా ముందు పిండి, వేళ్ళు విప్పి చూపించింది. పొడిపొడిగా రాలింది. మా అక్క కూడా మా బుట్టలోంచి గుప్పెడు తీసి పిండింది. మణికట్టు మీదుగా నీళ్ళు కారాయి. ఆవిడ అటు నవ్వింది, ఈమె ఇటు నవ్వింది. మిత్రుడు నోరు తెరిచేలోపే అక్క నా వైపు తిరిగి, ‘ఊక తక్కువైందమ్మా. రెండు దోసిళ్ళు పొయ్యి. వాన తగ్గేదాకా వాకిట్లో పెట్టొద్దు, వసారాలో పెట్టు’ అంది.

నేను రాసిన ఒప్పందాలన్నిటిలోనూ అంత సూటి వాక్యం ఒక్కటీ లేదు. రెండో విడత నిలబడింది.

నీళ్ళకైనా, వరదకైనా ఇదే వరస. పైనుంచి వచ్చిన పద్ధతిలో ఏది మార్చకూడదో, ఏది మార్చి తీరాలో విడదీసుకోండి. బుట్టలో గాలి ఆడటం, తేమ పాళ్ళు మార్చకూడనివి. పులుపు దేంతో వస్తుందన్నది మీ ఇష్టం.

చెన్నై, బంగ్లాదేశ్‌లోని ఖుల్నా, ఇండోనేషియాలోని సెమరాంగ్ నగరాలను 2018లో డచ్ ప్రభుత్వం ఒకే నీటి కార్యక్రమంలో చేర్చింది. అందులోంచి చెన్నైకి వచ్చిన ఆలోచన ‘వెయ్యి చెరువుల నగరం’. డచ్చివాళ్ళ గట్లూ పంపులూ యథాతథంగా దించకుండా, మన పాత ఏరిలు (తమిళంలో చెరువులు), గుడి కోనేరులు ఎలా నీళ్ళు పట్టి ఉంచేవో అక్కణ్ణుంచి మొదలుపెట్టారు. ఆ వరస నాకు నచ్చింది.

ఎనిమిదో అడుగు: బదిలీకి తట్టుకునేలా కట్టండి

కమిషనర్ మారతారు. ఇది టెన్షన్ పడాల్సిన విషయం కాదు, రాసిపెట్టుకోవాల్సిన విషయం. ఫైలు మూడు చోట్ల ఉంచండి: జోనల్ ఆఫీసు, కౌన్సిలర్ ఆఫీసు, కాలనీ సంఘం. నెలకో పేజీ, అంకెలతో.

తమిళనాడులో వార్డు కమిటీలకు, ఏరియా సభలకు 2022లో నియమాలు వచ్చాయి. నవంబరు 1న స్థానిక సంస్థల దినం పేరుతో సభలు పెడుతున్నారు. మనకది ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం కాబట్టి తేదీ మర్చిపోం. మీ పైలట్ లెక్కలను ఆ సభలో చదివించి మినిట్స్‌లోకి ఎక్కించండి. ఒకసారి మినిట్స్‌లోకి ఎక్కిందాన్ని కొత్తగా వచ్చిన అధికారి ‘నాకు తెలీదు’ అనడం కష్టం. పైలట్ కనీసం మూడు నెలలు, అందులో ఒక పండగ, ఒక వానాకాలపు ముక్క ఉండేలా చూసుకోండి. ఎండల్లో గెలిచిన పద్ధతిని నమ్మొద్దు.

పని అదనంగా పడేది కార్మికుల మీద. విడదీసిన చెత్త ఎత్తడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ సమయానికి కూలి ఎక్కడిదో ఐదో అడుగు కాగితంలో రాయలేదా? అయితే ఇప్పుడైనా వెనక్కి వెళ్ళి రాయండి.

తొమ్మిదో అడుగు: మనం చూపించేది

నేర్చుకోవడమే తప్ప ఇవ్వడం లేని సంబంధం ఎక్కువకాలం నడవదు. వాళ్ళకు విసుగొస్తుంది, మనకు చిన్నతనంగా ఉంటుంది. చెన్నై చూపించడానికి వాన నీళ్ళున్నాయి. 2003లో తమిళనాడు ప్రతి భవనానికీ ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేసింది, పాత ఇళ్ళతో సహా. అంత పెద్ద నగరంలో ఇంటింటికీ దాన్ని దించడం చిన్న పని కాదు. ఆ తర్వాత చాలా వీధుల్లో బావుల్లో నీళ్ళు పైకొచ్చాయి.

2019 వేసవిలో చెరువులన్నీ ఎండిపోయి, జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్నది కూడా ఈ నగరమే. ఎన్నో ఇళ్ళలో పైపు గోడ వెంట దిగి ఉంటుంది, కింద గుంటే ఉండదు. ఉన్నా పూడిపోయి ఉంటుంది. రెండూ చూపించండి. మనం వెళ్ళినప్పుడు విఫలమైంది చూపించమని అడిగాం కదా.

పిలిచేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. విదేశీ అతిథుల్ని అందరూ జనవరిలో పిలుస్తారు, వాతావరణం బాగుంటుందని, సంగీత సభలు కూడా చూపించొచ్చని. నవంబరులో పిలవండి. ఈశాన్య రుతుపవనం దంచి కొడుతున్నప్పుడు, నీళ్ళు నిలిచిపోయే వేళచ్చేరిలో నిలబెడితే ఏ స్లైడూ అక్కర్లేదు. వాళ్ళ ఇంజనీరు, మన ఇంజనీరు ఒకే మ్యాన్‌హోల్‌లోకి తొంగి చూస్తారు. రబ్బరు బూట్లు మాత్రం మనమే ఇవ్వాలి, సైజులు ముందే అడిగి పెట్టుకోండి.